పాత ఫైల్‌లోనే కొత్త కేసు.. లా ఆఫీసుల్లో టెంప్లేట్లు సరిగా లేకపోతే నష్టం ఎవరికి?

మాడుగులపల్లి 2016 అక్టోబర్ 11 వరకు మండలం కాదు. ఆ రోజు జరిగిన పునర్విభజనలో నల్గొండ జిల్లాలో కొత్త మండలమైంది. అదే రోజు సూర్యాపేట వేరే జిల్లాగా ఏర్పడింది, కోదాడ అందులోకి వెళ్లింది. మిర్యాలగూడ నల్గొండలోనే ఉండిపోయింది. 2022 జూన్ 2న సూర్యాపేటకు సొంత జుడీషియల్ జిల్లా కూడా వచ్చింది. ఊరు కదల్లేదు కానీ దస్తావేజులో, పిటిషన్‌లో రాయాల్సిన మండలం, జిల్లా, కోర్టు పేర్లు మారాయి.

సమస్య ఎక్కడ?

చాలా ఆఫీసుల్లో పని సాగే తీరు ఇదే: పాత క్లయింట్ ఫైల్ తెరిచి, పేర్లు మార్చి, ‘సేవ్ యాజ్’ కొట్టడం. తొందరలో ఎక్కడో ఒకచోట పాత మండలం, పాత సర్వే నంబర్, పాత హద్దులు మిగిలిపోతాయి. ఆస్తిని గుర్తించేలా వివరాలు ఉండాలని 1908 రిజిస్ట్రేషన్ చట్టం 21వ సెక్షన్ చెబుతోంది. రిజిస్ట్రేషన్ అయ్యాక తప్పు బయటపడితే సవరణ దస్తావేజు కోసం అమ్మినవాళ్లను మళ్లీ వెతుక్కోవాలి.

సెక్షన్లూ మారాయి

2024 జులై 1 నుంచి సీఆర్‌పీసీ స్థానంలో బీఎన్‌ఎస్‌ఎస్ అమల్లోకి వచ్చింది. భరణం 125 నుంచి 144కు, ముందస్తు బెయిల్ 438 నుంచి 482కు మారాయి. చిక్కు ఏంటంటే, పాత చట్టంలో 482 అంటే కేసు కొట్టేయాలని హైకోర్టును కోరే సెక్షన్. అదిప్పుడు 528. పైగా ఆ తేదీకి ముందే పెండింగ్‌లో ఉన్న విచారణలు, అప్పీళ్లు పాత చట్టం ప్రకారమే నడుస్తాయి. అంటే రెండు రకాల నమూనాలూ ఉండాల్సిందే.

టెంప్లేట్ ఏం చేస్తుంది?

వర్డ్‌లో టెంప్లేట్‌గా సేవ్ చేసిన ఫైల్‌పై డబుల్ క్లిక్ చేస్తే కొత్త కాపీ వస్తుంది, అసలు నమూనా అలాగే ఉంటుంది. పేరు, సర్వే నంబర్, కోర్టు పేరు ఉండే చోట ఖాళీలే ఉంటాయి కాబట్టి పాత క్లయింట్ వివరాలు మిగిలే అవకాశం ఉండదు. నమూనాలన్నీ ఒకే ఫోల్డర్‌లో పెట్టి, ఫైల్ పేరులో సవరించిన తేదీ వేసి, మార్చే బాధ్యత ఒక్కరికే ఇస్తే చాలు.

మాక్రోతో జాగ్రత్త

మాక్రో అంటే వర్డ్‌లో పదేపదే చేసే పనిని ఒక్క క్లిక్‌తో చేసే చిన్న ప్రోగ్రామ్. ముందు 438ని 482గా, తర్వాత 482ని 528గా మార్చమని దానికి చెప్పారనుకోండి. ముందస్తు బెయిల్ పిటిషన్ కూడా 528కి వెళ్లిపోతుంది! ఖాళీలు నింపే పని దానికివ్వొచ్చు, సెక్షన్ చూసే పని మాత్రం మనిషిదే. మాక్రోల ద్వారా వైరస్‌లు వస్తుండటంతో, ఇంటర్నెట్ నుంచి దిగిన ఫైళ్లలో వాటిని మైక్రోసాఫ్ట్ 2022 నుంచి ముందే అడ్డుకుంటోంది. ఎవరో పంపిన ఫైల్‌లో ఆ అడ్డు తీసేయొద్దు.

సంతకానికి ముందు మీరేం చూడాలి?

- మండలం, జిల్లా, కోర్టు పేర్లు ఇప్పటివేనా?
- సర్వే నంబర్, విస్తీర్ణం, నాలుగు హద్దులు మీ కాగితాలతో సరిపోయాయా?
- తండ్రి లేదా భర్త పేరు ప్రతి పేజీలో ఒకేలా ఉందా?
- మీకు సంబంధం లేని పేరు ఎక్కడైనా కనిపించిందా?

టైప్ చేసింది ఎవరైనా, సంతకం మీది. పది నిమిషాలు అడిగి, చదివాకే పెట్టండి.