ముందు ర్యాంకులు ఇవ్వాల్సింది గ్రంథాలయాలకు కాదు

ఏటా నవంబరులో గ్రంథాలయ వారోత్సవాలు రాగానే పత్రికల్లో ఒకే తీరు కథనం వస్తుంది. కేరళలో ఊరూరా గ్రంథాలయం, మన దగ్గర తాళం వేసిన శాఖలు, మధ్యలో అంకెల పట్టిక, చివర తెలుగువారికి పఠనాసక్తి తగ్గిందన్న తీర్పు. ఆ పట్టికలో ఉన్నవి పోల్చదగిన అంకెలేనా అని అడిగినవారు కనబడరు.

కేరళ లెక్కలో వినిపించే ఎనిమిది వేల పైచిలుకు గ్రంథాలయాల్లో అత్యధికం ప్రభుత్వం నడిపేవి కావు. ఊళ్లో సభ్యులు కమిటీగా ఏర్పడి నడుపుకొనేవి. 1945లో మొదలైన గ్రంథశాలా సంఘం వారసత్వం అది. 1989 చట్టంతో ఏర్పడిన లైబ్రరీ కౌన్సిల్ వాటికి అనుబంధ హోదా ఇస్తుంది, గ్రేడు వేస్తుంది, గ్రేడును బట్టి గ్రాంటు ఇస్తుంది. తెలుగు రాష్ట్రాల అంకెల్లో ఉన్నవి జిల్లా గ్రంథాలయ సంస్థ జీతం ఇచ్చే ఉద్యోగితో, సంస్థ కొన్న పుస్తకాలతో నడిచే శాఖలు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టిననాడు మన దగ్గరా ఊరి గ్రంథాలయాలే ఉద్యమం. వాటిలో వేటపాలెం సారస్వత నికేతనం లాంటివి ఇప్పటికీ ఉన్నాయి. ఇటు సంస్థల శాఖలను మాత్రమే లెక్కపెట్టి, అటు ఊరి సంఘాలన్నిటినీ కలిపితే వచ్చే తేడా చదివేవారిది కాదు, లెక్క వేసినవారిది.

ఇక డబ్బు సంగతి. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టమే నేటికీ రెండు రాష్ట్రాల్లోనూ ఆధారం. గ్రంథాలయ సెస్సు ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు. అంటే 5,000 రూపాయల పన్ను కట్టే ఇల్లు గ్రంథాలయానికి మరో 400 రూపాయలు కడుతోంది. కేరళలో సెస్సు 5 పైసలే. అయితే అక్కడి చట్టం విద్యా బడ్జెట్‌లో కనీసం ఒక శాతాన్ని ప్రభుత్వం లైబ్రరీ కౌన్సిల్‌కు ఇవ్వాలంటుంది. ఈ రెండో మాట రాయకుండా రెండు రాష్ట్రాలను పక్కపక్కన పెట్టడం పాఠకుణ్ని తప్పుదారి పట్టించడమే.

అంతకంటే ముఖ్యమైన విషయం మన 1960 చట్టంలోని 20వ సెక్షన్‌లో ఉంది. ఈ సెస్సును విధించేది మున్సిపాలిటీ కాదు, పంచాయతీ కాదు. నగర, జిల్లా గ్రంథాలయ సంస్థలే తమ పరిధిలో ఇంటిపన్ను మీద సర్‌చార్జి రూపంలో విధిస్తాయి. స్థానిక సంస్థ చేసేది తన పన్నుతోపాటు దాన్ని వసూలు చేసి అప్పగించడమే. ఈ ఏర్పాటు 1960లో కొత్తగా పుట్టిందీ కాదు. గ్రంథాలయ శాస్త్ర నిపుణుడు రంగనాథన్ ముసాయిదా మీద నిలిచిన 1948 మద్రాసు చట్టం స్థానిక గ్రంథాలయ అధికార సంస్థకే రూపాయికి అర్ధణా సెస్సు విధించే హక్కు ఇచ్చింది. గ్రంథాలయం ఎవరి దయ మీదా ఆధారపడకూడదన్నదే ఆనాటి ఉద్దేశం. కనుక మున్సిపాలిటీ దగ్గర ఆగిపోయిన సెస్సు ‘విడుదల కాని నిధులు’ కాదు. అది సంస్థ సొమ్ము, ఇంటి యజమాని గ్రంథాలయం పేరిట ఇప్పటికే చెల్లించిన సొమ్ము. దాన్ని వీధి దీపాలకో జీతాలకో వాడుకునే అధికారం వసూలు చేసినవారికి లేదు. స్థానిక సంస్థల ఆడిట్లలో కాగ్ ఈ బకాయిలను పలుమార్లు ఎత్తిచూపింది. అయినా వారోత్సవాల కథనాల్లో మాత్రం బకాయి పడ్డవారి పేర్లు ఉండవు, పుస్తకాలు కొనలేకపోయిన గ్రంథాలయం పేరే ఉంటుంది.

జిల్లాల మధ్య ర్యాంకులు వేస్తే ఈ అన్యాయం ఇంకా పెరుగుతుంది. సెస్సు ఇంటిపన్నుకు ముడిపడి ఉంది కాబట్టి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాకు వచ్చే రాబడి ములుగుకు ఎన్నడూ రాదు. తలకు ఎన్ని పుస్తకాలు, ఎందరు సభ్యులు అని లెక్కగట్టి వరుస పెడితే చివరికి బయటపడేది ఏ జిల్లాలో భవనాలు ఎక్కువన్న సంగతే.

గ్రంథాలయాల పోలికలో ఎక్కువ అనుభవం ఉన్న అమెరికాలోనూ ఈ చిక్కు ఎదురైంది. 1999లో థామస్ హెన్నెన్ 15 కొలమానాలతో, జనాభా వారీగా గ్రంథాలయాలను విడదీసి మార్కులు వేశారు. అందులో జనాభాకు తగ్గ సిబ్బంది ఉంటే మార్కు పెరుగుతుంది, సిబ్బంది పనిగంటకు ఇచ్చిన పుస్తకాలు తగ్గితే మార్కు పడిపోతుంది. ఒక ఉద్యోగిని చేర్చుకుంటే ఒకచోట లాభం, ఇంకోచోట నష్టం. 2009లో లైబ్రరీ జర్నల్ కోసం రే లయన్స్, కీత్ కరీ లాన్స్ రూపొందించిన సూచీ మేలైన దారి పట్టింది. దాదాపు ఒకే స్థాయిలో ఖర్చు పెట్టే గ్రంథాలయాలనే ఒకదానితో ఒకటి పోల్చింది. తమ సూచీ ఇచ్చే నక్షత్రాలు గ్రంథాలయం నాణ్యతకు కొలత కావని కూడా వారు ముందే చెప్పారు. మన దగ్గర పోలికలు వేసేవారు ఈ జాగ్రత్తను వదిలేసి నక్షత్రాలను మాత్రం తెచ్చుకోవాలంటున్నారు.

పైగా ఆ కొలమానాలు మన పఠన మందిరాలకు సరిపోవు. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో ఉద్యోగ పరీక్షలకు చదివేవారు సొంత పుస్తకాలు తెచ్చుకుని పొద్దున్నుంచి రాత్రి దాకా కూర్చుంటారు. పుస్తకాలు ఇచ్చిన లెక్కలో వారు సున్నా. వచ్చిన పాఠకుల లెక్కలో, పది నిమిషాలు పేపరు తిరగేసి వెళ్లినవారితో సమానం. అద్దె గదిలో చదువుకునే చోటు లేని యువతకు ఆ గ్రంథాలయం చేస్తున్న మేలు ఏ పట్టికలోనూ కనబడదు.

శాఖల్లో నిర్లక్ష్యం లేదని నేను అనను. వేళకు తలుపు తీయని చోట్లు, కొత్త పుస్తకం చేరని బీరువాలు ఉన్నాయి, వాటికి జవాబు చెప్పాల్సినవారూ ఉన్నారు. కానీ చేతికి రాని డబ్బుకు కూడా వారినే బాధ్యులను చేసే కొలత న్యాయమైనది కాదు. ప్రతి మున్సిపాలిటీ, ప్రతి పంచాయతీ గ్రంథాలయ సెస్సు డిమాండు ఎంత, వసూలైంది ఎంత, సంస్థ ఖాతాకు చేరింది ఎంత అన్న మూడు అంకెలను రెండు ప్రభుత్వాలూ ఏటా ప్రచురించాలి. ఈ వివరాలు స్థానిక సంస్థల పద్దుల్లో ఉండి తీరాలి. మొదటి ర్యాంకుల పట్టిక వాటి మీదే వేయాలి, అందులో అట్టడుగున నిలిచిన కమిషనర్ల పేర్లే ఈసారి వారోత్సవాల వార్త కావాలి.