కణాలు మెదడుకు ఏ దారిన చేరతాయి?

మూలకణ వైద్యం ఎలా నిలబడుతుందో బంజారా హిల్స్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి 2001 నుంచి చూపిస్తోంది. సున్నమో యాసిడో పడి కన్ను కాలితే, బాగున్న కంటి నల్లగుడ్డు అంచు నుంచి మూలకణాలున్న చిన్న ముక్క తీసి, ల్యాబులో పెంచి, చెడిన కంటికి అతికించేవారు. తర్వాత ల్యాబు అవసరం కూడా తీరింది. రెండు మిల్లీమీటర్ల ముక్కను ఎనిమిది పది తునకలు చేసి, మాయపొర మీద జిగురుతో నేరుగా అంటిస్తున్నారు. కణం ఎక్కడ పెట్టాలో తెలుసు, నిలిచిందో లేదో కనిపిస్తుంది. పుట్టగానే ఏడవక, ఊపిరందక మెదడు దెబ్బతిన్న బిడ్డ విషయంలో ఈ రెండూ ఇంకా తేలలేదు. అది తేలేదాకా ఈ బిడ్డలకు మూలకణాలను అనుమతి ఉన్న పరిశోధనలో తప్ప ఇవ్వకూడదని నా వాదన.

నరంలోకి ఎక్కిస్తే చాలా కణాలు ఊపిరితిత్తుల దగ్గరే చిక్కుకుంటాయి. మెదడు గదుల్లోకే ఎక్కిస్తే దగ్గరవుతాయి గానీ, అసలే నీరసించిన పసికందు తలలోకి సూది దించాలి. ముక్కులో చుక్కలుగా వేసే పద్ధతి నాకు ఎక్కువ ఆశ కలిగిస్తోంది. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ వైద్యులు పక్షవాతం వచ్చిన పదిమంది నవజాత శిశువులకు అలా ఇచ్చి, తీవ్రమైన హాని కనబడలేదని 2022లో ప్రకటించారు. అయితే పోల్చి చూడటానికి కణాలు ఇవ్వని బిడ్డల జట్టు అందులో లేదు. భద్రత గురించి కొంత తెలిసింది, గుణం గురించి తెలియలేదు.

వేరే దారి లేనప్పుడు ప్రయత్నిస్తే పోయేదేముందని కన్నవాళ్లు అడుగుతారు. ఆ బాధ ముందు ఏ వాదనైనా చిన్నదే. కానీ జవాబు మన దేశంలోనే ఉంది. ఇలాంటి బిడ్డల ఒంటిని 33.5 డిగ్రీలకు చల్లబరిచి మూడు రోజులు ఉంచే వైద్యం సంపన్న దేశాల్లో ప్రాణాలు నిలిపింది. అదే వైద్యాన్ని భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలోని ఏడు ఆసుపత్రుల్లో 408 మంది శిశువులపై పరీక్షించి, 2021లో ఫలితాలు ప్రకటించారు. చల్లబరిచిన వారిలో 42 శాతం, మామూలు వైద్యం అందినవారిలో 31 శాతం చనిపోయారు. ఎంతో నమ్మకమున్న చికిత్సే ఇక్కడ బెడిసికొట్టింది. పరీక్షించబట్టే ఆ సంగతి తెలిసింది.

పరిశోధనలంటే ఏళ్లు పడుతుందన్నది నిజమే. అందుకే మన పెద్ద ఆసుపత్రులు వాటిని త్వరగా మొదలుపెట్టాలి. డబ్బు తీసుకుని చేసే ఇంజెక్షన్లతో మాత్రం ఒక్క రోజు కూడా కలిసిరాదు, ఎందుకంటే ఆ బిడ్డ ఏమయ్యాడో లెక్క రాసేవారుండరు. రక్తానికి సంబంధించిన జబ్బులకు చేసే మూలకణ మార్పిడి వంటివి తప్ప మిగతావన్నీ పరిశోధనలుగానే జరగాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఎవరైనా మీ పాపకు మూలకణాలు ఎక్కిస్తామంటే వైద్య పరిశోధనల జాతీయ రిజిస్ట్రీ అయిన సీటీఆర్‌ఐ నమోదు నంబరు, ఎథిక్స్ కమిటీ అనుమతి చూపమనండి. చూపకుండా డబ్బు కట్టమంటే సంతకం పెట్టకండి.