బయానా ఇచ్చినోడు కొనేటోడేనా?



బిడ్డ పెళ్లికో, దవాఖాన ఖర్చుకో, బోర్లు ఫెయిలై మీద పడ్డ అప్పుకో ఎకరం, అరెకరం అమ్మాల్సిన రోజు ఏ ఇంటికైనా వస్తుంది. అమ్ముకునే హక్కు రైతుది. ఈ నెల నేను రాస్తున్నది భూమి అమ్మొద్దని చెప్పడానికి కాదు. ఎవరికి అమ్ముతున్నామో, ఏ షరతు మీద అమ్ముతున్నామో తెలియకుండా సంతకం పెట్టొద్దని చెప్పడానికి.

మన కోడేరు చుట్టుపక్కల భూముల మీద బయటివాళ్ల కన్ను పడడానికి కారణాలు మనకు తెలిసినవే. కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు వచ్చాయి. పాలమూరు–రంగారెడ్డి పథకం మొదటి పంపును 2023 సెప్టెంబరు 16న నార్లాపూర్ దగ్గర నడిపించారు. కల్వకుర్తి నుంచి నాగర్‌కర్నూల్, కొల్లాపూర్ మీదుగా సోమశిల దగ్గర కృష్ణ దాటి నంద్యాల వైపు పోయే 167-కె జాతీయ రహదారి మాట, సోమశిల వంతెన మాట ఊరూరా వినిపిస్తున్నాయి. రోడ్డు పడకముందే రోడ్డు పేరు చెప్పుకొని కార్లు వస్తాయి. హైదరాబాదుకో, ముంబైకో, పుణెకో వలస పోయినవాళ్ల పొలం ఏ సర్వే నంబరులో ఉందో, తాళం వేసిన ఇల్లు ఎవరిదో మనకన్నా ముందు వాళ్లకే తెలుస్తోంది.

వచ్చేవాళ్లు రెండు రకాలు. మొదటి రకం మధ్యవర్తి. అమ్మేవాడిని, కొనేవాడిని ఒకచోట కూర్చోబెడతాడు, బేరం కుదిరితే కమీషన్ తీసుకుంటాడు. కొనేవాడు ఎంత ఇస్తున్నాడో మన ముందరే తేలుతుంది. అతని కష్టానికి అతను తీసుకుంటే తప్పు లేదు. రెండో రకం మారుబేరగాడు. నేనే కొంటానంటాడు, బయానా ఇస్తాడు, అగ్రిమెంటు రాయించుకుంటాడు. కొనే ఉద్దేశం మాత్రం ఉండదు. గడువు లోపల ఇంకొకరికి ఎక్కువ ధరకు చూపించి, ఆ తేడా జేబులో వేసుకోవడమే అతని వ్యాపారం. మధ్యవర్తికి మన ధర పెరిగితే కమీషన్ పెరుగుతుంది. మారుబేరగాడికి మన ధర తగ్గితేనే లాభం. ఇద్దరినీ మనం ‘బ్రోకరు’ అనే ఒకే పేరుతో పిలవడం దగ్గరే మోసపోతున్నాం.

లెక్క కోసం ఒక ఉదాహరణ తీసుకుందాం. ఎకరం 25 లక్షలకు మాట్లాడి, 2 లక్షల బయానా ఇచ్చి, ఆరు నెలల గడువు పెట్టాడు. నాలుగో నెలలో హైదరాబాదు మనిషికి 38 లక్షలకు కుదిర్చాడు. రిజిస్ట్రేషన్ నేరుగా రైతు నుంచి ఆ హైదరాబాదు మనిషికే అవుతుంది. మధ్యలో 13 లక్షలు తీసుకున్నవాడి పేరు దస్తావేజులో ఎక్కడా ఉండదు. రేపు హద్దుల తగాదా వచ్చినా, వాటాల పేచీ వచ్చినా కోర్టు మెట్లెక్కేది అమ్మినవాడిగా పేరున్న రైతే. ఒకవేళ ఆరు నెలల్లో ఎవరూ దొరక్కపోతే ఏమవుతుంది? అతను ఫోన్ ఎత్తడు. మన భూమి ఇంకొకరికి అమ్మబోతే మాత్రం అగ్రిమెంటు కాగితం పట్టుకొని వస్తాడు.

దీనంతటికీ తాళంచెవి అగ్రిమెంటులో ఒక చిన్న ముక్క. ‘మీకు గానీ, మీరు కోరిన వారికి గానీ రిజిస్ట్రేషన్ చేసి ఇవ్వగలవాడను’ అని రాస్తారు. రాసేవాడు గబగబా చదువుతాడు, మనం తల ఊపుతాం. ‘మీరు కోరిన వారికి గానీ’ అనే ఆ మాటతోనే మన భూమి మీద మారుబేరం చేసుకునే అనుమతి మనమే రాసిచ్చినట్టు.

ఇక చట్టం ఏం చెబుతుందో చూద్దాం. 1882 ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ ప్రకారం అమ్మకపు అగ్రిమెంటు ఒక్కటే భూమి మీద ఏ హక్కూ ఇవ్వదు. ఒప్పందం మీద, జీపీఏ మీద ఆస్తి బదిలీ అయినట్టు కాదని సుప్రీంకోర్టు 2011 అక్టోబరులో సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చింది. ఈ మాట విని చాలామంది ‘రిజిస్టరు కాని నోటరీ కాగితమే కదా, చెల్లదులే’ అని ధైర్యంగా ఉంటున్నారు. ఆ ధైర్యం పనికిరాదు. ఒప్పందం ప్రకారం రిజిస్ట్రేషన్ చేయించమని కోర్టులో దావా వేయడానికి రిజిస్టరు కాని అగ్రిమెంటును కూడా సాక్ష్యంగా తీసుకోవచ్చని 1908 రిజిస్ట్రేషన్ చట్టం 49వ సెక్షనే చెబుతోంది. గడువు తేదీ నుంచి మూడేళ్ల దాకా ఆ దావా వేయొచ్చు. దావా పడిందంటే తీర్పు వచ్చేదాకా ఆ భూమిని కొనడానికి ఎవరూ ముందుకు రారు.

ఇంకో మార్పు చాలామందికి తెలియదు. అమ్మేవాడికి మరీ కష్టం కలుగుతుందనుకుంటే, అలాంటి దావాలో రిజిస్ట్రేషన్ చేయమని ఆదేశించకుండా ఆపే విచక్షణ ఇదివరకు కోర్టుకు ఉండేది. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టాన్ని 2018లో సవరించి, ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి ఆ విచక్షణ తీసేశారు. ఒప్పందాన్ని అమలు చేయించడమే ఇప్పుడు సాధారణ నియమం. అంటే సంతకానికి విలువ పెరిగింది, సంతకం పెట్టిన రైతుకు జాలి తగ్గింది.

మరి రెరా లేదా అని అడుగుతారు. 2016లో వచ్చిన ఆ చట్టం మంచిదే. 500 చదరపు మీటర్లకు మించిన లేదా ఎనిమిది యూనిట్లకు మించిన ప్రాజెక్టును రిజిస్టరు చేయకుండా అమ్మకూడదు. ఆ ప్రాజెక్టులో ప్లాట్లు అమ్మించే ఏజెంటు కూడా రిజిస్టరు కావాలి. మాట తప్పితే కొన్నవాడికి వడ్డీతో సహా డబ్బు వాపసు ఇవ్వాలి. ఇదంతా ప్లాటు కొన్నవాడికి. ఆ ప్లాటు కింది నేల అమ్మిన రైతుకు అందులో ఒక్క రక్షణ లేదు. పచ్చి పొలం మీద అగ్రిమెంట్లు చేసుకొని తిరిగేవాడు రెరా దృష్టిలో ఏజెంటే కాడు. 2020 నుంచి మన భూముల రిజిస్ట్రేషన్ తహసీల్దారు కార్యాలయంలో జరుగుతోంది. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. పోర్టల్ మారింది గానీ అది అడిగేది ఇప్పటికీ చివరి సంతకమే. మధ్యలో బేరం ఎన్ని చేతులు మారిందో ఎవరూ అడగరు.

ఈ రోగం మన దగ్గరే పుట్టింది కాదు. అమెరికాలో ఇదే వ్యాపారం ఇళ్ల మీద నడుస్తోంది. అక్కడ వాళ్లను హోల్‌సేలర్లు అంటారు. ముసలివాళ్లు, అప్పుల్లో ఉన్నవాళ్లు, వారసత్వంగా ఇల్లు వచ్చినవాళ్లు చూసి తలుపు తడతారు, తక్కువ ధరకు ఒప్పందం రాయించుకొని ఆ కాగితాన్ని ఇంకొకరికి అమ్ముకుంటారు. అక్కడి కొన్ని రాష్ట్రాలు మేల్కొన్నాయి. ఇల్లినాయ్ 2019లో చట్టం మార్చి, ఏడాదిలో ఒకసారికి మించి ఈ పని చేసేవాడు లైసెన్సు తీసుకోవాలంది. ఓక్లహోమా 2021లో ప్రత్యేక చట్టమే చేసింది. పెన్సిల్వేనియా 2024లో చేసిన చట్టం ప్రకారం తాను మారుబేరం చేయబోతున్నానని ముందే రాతపూర్వకంగా చెప్పాలి, అమ్మిన మనిషి 30 రోజుల లోపల జరిమానా లేకుండా ఒప్పందం రద్దు చేసుకోవచ్చు. అక్కడి ఇంటి యజమానికి దొరికిన ఆ 30 రోజులు మన రైతుకు ఎందుకు దొరకకూడదు?

అలాంటి చట్టం వచ్చేదాకా మన రక్షణ మన కాగితంలోనే ఉంది. కోర్టుల్లో పనికొచ్చే షరతులు ఇవి, జాగ్రత్తగా చూడండి.

‘మీరు కోరిన వారికి’ అనే మాట కొట్టేయించండి. ‘ఈ ఒప్పందపు హక్కును కొనుగోలుదారు వేరెవరికీ బదిలీ చేయరాదు’ అని రాయించండి. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 15వ సెక్షన్ ఈ షరతును గుర్తిస్తుంది. నిజంగా కొనేవాడైతే దీనికి ఒప్పుకుంటాడు. ఒప్పుకోకపోతే అతని పని ఏమిటో అక్కడికక్కడే తెలిసిపోతుంది.

గడువు తేదీ స్పష్టంగా వేయించండి. ఆ తేదీలోపు పూర్తి డబ్బు ఇవ్వకపోతే ఒప్పందం రద్దయి బయానా పోతుందని, గడువే ఈ ఒప్పందానికి ప్రాణమని రాయించండి. గడువు దాటిన వెంటనే వకీలుతో రద్దు నోటీసు పంపి, పోస్టు రసీదు దాచుకోండి. ఊరుకుంటే గడువు పొడిగించారని వాదిస్తాడు.

పూర్తి డబ్బు రాకముందు పొలం అప్పజెప్పొద్దు. హద్దురాళ్లు పాతనివ్వొద్దు, జేసీబీ దించనివ్వొద్దు. రిజిస్టరైన అగ్రిమెంటుతో పాటు స్వాధీనం కూడా ఇస్తే 53-ఏ సెక్షన్ కింద అతన్ని కదిలించడం కష్టం. జీపీఏ అసలే ఇవ్వొద్దు. డబ్బు తీసుకొని అగ్రిమెంటుతో కలిపి ఇచ్చిన జీపీఏను మనకు మనమే రద్దు చేసుకోబోతే కాంట్రాక్టు చట్టం 202వ సెక్షన్ అడ్డం వస్తుంది. ఖాళీ స్టాంపు కాగితం మీద సంతకం, వేలిముద్ర వద్దు. అసలు పట్టాదారు పాసుపుస్తకం చేతిలోంచి పోనివ్వొద్దు.

డబ్బు బ్యాంకులోనే తీసుకోండి. భూమి బేరంలో 20 వేలు, ఆపైన నగదుగా తీసుకుంటే ఆదాయపు పన్ను చట్టం ప్రకారం జరిమానా పడేది తీసుకున్నవాడికే. ఇద్దరికీ వ్యవసాయ ఆదాయం తప్ప పన్ను పడే ఆదాయం లేకపోతేనే మినహాయింపు. ‘బ్యాంకులో వేస్తే ట్యాక్సు పడుతుంది’ అని భయపెడతారు. మున్సిపాలిటీకి చట్టం చెప్పిన దూరానికి బయట ఉన్న పల్లె వ్యవసాయ భూమి అమ్మకం మీద మూలధన లాభాల పన్ను లేదు.

అసైన్డు భూమి సంగతి వేరు. 1977 చట్టం ప్రకారం దాని అమ్మకమే చెల్లదు. పేదవాడి నుంచి ఆ భూమి రాయించుకున్నవాడు శిక్షకు పాత్రుడు, భూమి అసలు పేదవాడికి తిరిగి ఇప్పించే అధికారం ప్రభుత్వానికి ఉంది.

మోసం జరిగిందనిపిస్తే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పొండి. 1987 చట్టం కింద మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు వకీలును ఉచితంగా పెడతారు.

‘మారుబేరగాళ్లు లేకపోతే మన మూలకు కొనేవాళ్లే రారు’ అని కొందరు అంటారు. నిజమే, అందరికీ హైదరాబాదు పరిచయాలు ఉండవు. అయితే కొనేవాణ్ని తెచ్చినందుకు కమీషన్ అడగమనండి, ఇద్దాం. మన భూమి అసలు ధర మన దగ్గర దాచిపెట్టడానికి మాత్రం మనం డబ్బు కట్టనక్కర్లేదు.

అందుకే మన సంఘం ప్రభుత్వాన్ని నాలుగు అడగాలని నా అభిప్రాయం. ఏడాదిలో ఒకటికి మించి పొలాల మీద అగ్రిమెంట్లు చేసుకునేవాడు రెరా దగ్గరో తహసీల్దారు దగ్గరో పేరు నమోదు చేసుకోవాలి. తిరిగి అమ్మే ఉద్దేశం ఉంటే అగ్రిమెంటు మొదటి పేజీలోనే తెలుగులో పెద్దక్షరాలతో రాయాలి. రైతుకు 30 రోజుల రద్దు హక్కు ఉండాలి. గడువు దాటిన అగ్రిమెంటును తహసీల్దారు ముందు తక్కువ ఖర్చుతో కొట్టేయించుకునే వీలు భూభారతిలో కల్పించాలి.

ప్రభుత్వం కదిలేలోపు మనం చేయగలిగింది ఒకటి ఉంది. మండల కమిటీ సమావేశం జరిగే ప్రతిసారీ ఒక గంట అగ్రిమెంట్లు చదవడానికి కేటాయిద్దాం. చదువుకున్న పిల్లలు ఇద్దరు, వీలైతే ఒక వకీలు కూర్చుంటే చాలు. ఎవరికి బయానా వచ్చినా సంతకానికి ముందు ఆ కాగితం అక్కడికి తీసుకురావాలి. వలస పోయినవాళ్లు వాట్సాప్‌లో ఫొటో పంపినా చదివి చెబుదాం. వచ్చే సమావేశంలో ఈ ప్రతిపాదన పెడుతున్నాను. మీ ఇంట్లో పాత అగ్రిమెంట్లు ఉంటే వాటిని కూడా వెంట తెచ్చుకోండి.