సూర్యుడు ఉదయించని చోట రమజాన్

ఏలూరు నుండి ఒక సోదరి పంపిన ప్రశ్న ఈ నెల మా ముందున్నది. డీజిల్ మెకానిక్‌గా పనిచేస్తున్న ఆమె కుమారుడు అంటార్కిటికాలోని భారత పరిశోధనా కేంద్రంలో ఏడాదిపాటు పనికి దరఖాస్తు చేయదలచాడు. సూర్యుడే కనిపించని చోట రోజా ఎట్లా ఉంటాడు, పండుగ ఎవరితో జరుపుకుంటాడు అని ఆ తల్లి బెంగ. ఆమె కొల్లేటి లంకలో పుట్టి పెరిగారు. వరద వస్తే ఊరు ఒంటరిదవుతుందని ఆమెకు తెలుసు. అయితే లంకకు మర్నాడైనా పడవ వస్తుంది. మంచు ఖండంలో చలికాలం మొదలైతే నెలల తరబడి ఓడ రాదు.

అక్కడికి శాస్త్రజ్ఞులే కాదు, వైద్యులు, వంటవారు, మెకానిక్‌లు కూడా వెళతారు. 1981 డిసెంబరు 6న గోవా నుండి బయలుదేరిన మన తొలి బృందంలో 21 మంది ఉన్నారు. 1982 జనవరి 9న వారిని ఆ మంచు మీదికి చేర్చిన నాయకుడు అలహాబాదులో పుట్టిన డాక్టర్ సయ్యద్ జహూర్ ఖాసిం. సముద్ర శాస్త్రజ్ఞుడైన ఆయన తరువాత జామియా మిల్లియా ఇస్లామియాకు ఉపకులపతి అయ్యారు. మన పిల్లల పాఠ్యపుస్తకాలలో ఆయన పేరు ఇంకా పెద్ద అక్షరాలలో ఉండవలసింది. 1984లో మనవారు దక్షిణ గంగోత్రిలో తొలిసారి చలికాలం గడిపారు. ఆ ఏడు రమజాన్ జూన్‌లో, అంటే సూర్యుడు అసలే ఉదయించని రోజులలో వచ్చింది. నేడు 1989 నాటి మైత్రి, 2012 నాటి భారతి అక్కడ పనిచేస్తున్నాయి.

ఇక రోజా సంగతి. మైత్రిలో ఏడాదిలో ఎక్కువ భాగం సూర్యోదయ సూర్యాస్తమయాలు ఉంటాయి. చిక్కు ఏమైనా ఉంటే చలికాలంలో సుమారు రెండు నెలలు, వేసవిలో సుమారు రెండు నెలలు. దీనికి జవాబు పద్నాలుగు శతాబ్దాల క్రితమే దొరికింది. దజ్జాల్ కాలంలో ఒక దినం సంవత్సరమంత ఉంటుందని దైవప్రవక్త (స) తెలిపినప్పుడు, ఆ దినానికి ఒక్క దినపు నమాజు చాలునా అని సహచరులు అడిగారు. చాలదు, సమయాన్ని అంచనా కట్టుకోవాలని ఆయన సెలవిచ్చారు. సహీహ్ ముస్లిం‌లోని ఈ హదీసు ఆధారంగానే, రేయింబవళ్ళు వేరుపడే సమీప ప్రాంతపు వేళలనో, మక్కా వేళలనో పాటించవచ్చునని పండితులు చెప్పారు. ఏది పాటించాలో బయలుదేరక ముందే ఒక ఆలిమ్‌ను అడిగి, వేళల పట్టిక రాసుకొని వెళ్ళడం మేలు. అక్కడికి చేరాక ఒంటరిగా తర్కించుకుంటూ కూర్చోవడం మనసును అలసట పెడుతుంది.

నెలవంక మాట వినండి. చలికాలం నడిమిలో అమావాస్య చంద్రుడు కూడా సూర్యునితోపాటే క్షితిజం కిందనే ఉండిపోతాడు. పున్నమి చంద్రుడేమో రోజుల తరబడి అస్తమించడు! కనుక పండుగ కబురు స్వదేశం నుండే అందాలి. ఖిబ్లా కూడా మారుతుంది. తాడేపల్లిగూడెంలో మనం పడమటికి తిరుగుతాము. మైత్రిలో ఉత్తరానికి తిరిగి కొంచెం తూర్పుకు, భారతిలో ఉత్తరానికి తిరిగి కొంచెం పడమటికి మొగ్గాలి. దిక్సూచి ముల్లు అక్కడ అసలు ఉత్తరాన్ని చూపదు, లెక్కవేసి దిక్కు గుర్తించాలి.

కేంద్రం లోపల వుజూకు వెచ్చని నీరు ఉంటుంది. తోలు మేజోళ్ళపై మసహ్ చేసే సౌలభ్యం నివాసికి ఒక రేయింబవలు, ప్రయాణికునికి మూడు రోజులు. గడ్డకట్టే చలి రాత్రి స్నానం చేస్తే ప్రాణం పోతుందని భయపడి హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (ర) తయమ్మమ్ చేసి నమాజు చేయించారు. విన్న దైవప్రవక్త (స) నవ్వారే గాని తప్పుపట్టలేదు. అయితే ప్రాణభయం ఉన్నచోటనే ఆ సడలింపు. బద్ధకానికి కాదు.

2017లో మన దేశంలో ఈదుల్ ఫిత్ర్ జూన్ 26న వచ్చింది. జూన్ 21న అంటార్కిటికా కేంద్రాలన్నీ నడి చలికాలపు విందు చేసుకొని పరస్పరం శుభాకాంక్షలు పంపుకుంటాయి. అది ఏ మతానికీ చెందిన పండుగ కాదు. ఉపవాసి ఆ విందులో కూర్చుని, తన పళ్ళెం ఇఫ్తార్ వేళకు దాచుకుంటే నష్టమేమీ లేదని మా అభిప్రాయం. పండుగనాడూ వాతావరణ పరిశీలన ఆగదు, జనరేటరు ఆగదు. దీపావళి నాడు సాటివాని పని తాను అందుకున్నవాడికి ఈద్ ఉదయం ఆ సాయం తిరిగి రావచ్చు. తోడుగా మరి కొందరు ముస్లింలు లేకపోతే జుమాకు బదులు జుహర్ చేయాలి. ఈద్ నమాజు సామూహికమైనది, ఒంటరివాడు నఫిల్ చదువుకొని దుఆ చేసుకోవచ్చు. సేమియా, ఖర్జూరాలు మాత్రం ఏడాది ముందే ఓడకెక్కాలి.

బక్రీదుకు అక్కడ ఖుర్బానీ ఉండదు. 1991 నాటి పర్యావరణ ఒప్పందం పరాయి జంతువులను అక్కడికి తేనివ్వదు. స్లెడ్జి బండ్లు లాగిన కుక్కలను సైతం 1994 నాటికి ఖండం దాటించారు. ఖుర్బానీ బాధ్యత ఉన్నవాడు ఇంటివారిని వకీలుగా నియమించి ఊళ్ళోనే చేయించాలి. ఫిత్రా కూడా అంతే. ఆ మంచులో పుచ్చుకునే పేద ఎవరూ లేడు. ఇక్కడ ఈద్‌గాహ్‌కు బయలుదేరక ముందే అతని పేరిట ఇంటివారు దానిని పేదల చేతికి అందించాలి.