అందరికీ నచ్చింది... నాకు తప్ప!

నచ్చలేదని చెప్పడానికి కూడా కాస్త గుండె ధైర్యం కావాల్సిన విషయాలు కొన్నుంటాయి. హైదరాబాద్‌లో నిలబడి 'బిర్యానీ నాకు పడదు' అని చూడండి. గోదావరి జిల్లాకు వెళ్లి 'పులసదేముంది, అదీ ఓ చేపేగా' అని చూడండి. మనల్ని కిందినుంచి పైదాకా ఓసారి చూస్తారు. ఈమధ్య ఆ జాబితాలోకి మరొకటి చేరింది... అనిమే! జపాన్‌వాళ్ల యానిమేషన్ అన్నమాట.

ఇంట్లో టెన్త్ చదివే పిల్లల దగ్గర్నుంచి ఆఫీసులో పక్క సీటు కుర్రాడి దాకా అందరి నోటా అదే మాట. 2025 సెప్టెంబరులో 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాజిల్' తెలుగు డబ్బింగ్‌తో సహా మన థియేటర్లకు వచ్చేసింది. నేనూ ప్రయత్నించాను. నాలుగైదు సిరీస్‌లు మొదలుపెట్టాను. 2003లో ఆస్కార్ అందుకున్న మియజాకీ సినిమా 'స్పిరిటెడ్ అవే' కూడా చూశాను. వంక పెట్టడానికేం లేదు. కానీ... మనసుకు ఎక్కలేదు. అంతే!

మా అక్క కూతురు దీనికో మందు చెప్పింది. "పిన్నీ, ఇరవై ఎపిసోడ్లు ఓపిక పట్టు. ఆ తర్వాత ఆపమన్నా ఆపవు."

ఇరవై ఎపిసోడ్లంటే ఏడున్నర గంటల పైమాటే. అంటే మూడు తెలుగు సినిమాలు! మొదటి రెండు సినిమాలూ భరించండి, మూడోది బాగుంటుందంటే ఏ ప్రేక్షకుడైనా కూర్చుంటాడా? 'నరుటో' రెండు భాగాలూ కలిపి 720 ఎపిసోడ్లు. రోజుకో గంట చొప్పున చూసినా తొమ్మిది నెలలు మోయాలి. 1999లో మొదలైన 'వన్ పీస్' పదకొండొందల ఎపిసోడ్లు దాటేసింది. మన సీరియల్ అత్తాకోడళ్లకు జపాన్‌లోనూ చుట్టాలున్నారన్నమాట!

బొమ్మ కదలదేం?

నాకు మొదట అడ్డుపడింది కథ కాదు, బొమ్మ. మనలో చాలామంది 'టామ్ అండ్ జెర్రీ' చూసి పెరిగినవాళ్లం. అందులో పిల్లి పరిగెడితే తోక చివరి వెంట్రుక కూడా పరిగెడుతుంది. ఇక్కడేమో మనిషి నిలబడే ఉంటాడు, పెదాలు మాత్రం ఆడుతుంటాయి. మరోచోట బొమ్మ కదలదు, కెమెరా దాని మీదుగా మెల్లగా జరుగుతుంది.

దీని వెనక ఓ కథ ఉంది. 1963 జనవరి 1న ఒసాము తెజుకా 'ఆస్ట్రో బాయ్'ని జపాన్ టీవీకి తెచ్చాడు. వారం వారం అరగంట కార్యక్రమం. అందుకు తగ్గ డబ్బూ లేదు, టైమూ లేదు. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములుంటాయి. ఒక్కో బొమ్మను మూడేసి ఫ్రేముల పాటు నిలిపితే సెకనుకు ఎనిమిది బొమ్మలతో పని జరిగిపోతుంది. కష్టకాలంలో పుట్టిన ఆ పొదుపే తర్వాత్తర్వాత ఓ శైలిగా స్థిరపడింది. మన అమ్మమ్మలు మిగిలిన అన్నాన్ని పారేయకుండా పులిహోర కలిపితే, చివరికి అదే ఇంటిల్లిపాదికీ ఇష్టమైన వంటకమైనట్టు!

ఇక సైగలు. సిగ్గుపడితే నుదుటి మీద పేద్ద చెమటబొట్టు. నిద్రపోతే ముక్కు దగ్గర బుడగ. దెబ్బ కొట్టేముందు ఆ దెబ్బ పేరేమిటో గొంతు చించుకుని అరవడం. ఇవి చాలావరకూ మాంగా అనే వాళ్ల బొమ్మల పుస్తకాల నుంచి వచ్చినవి. అవి చదువుతూ పెరిగినవాళ్లకు వాటికి అర్థం చెప్పక్కర్లేదు. ఆమాటకొస్తే మన హీరో తొడగొట్టి డైలాగు చెప్పేదాకా విలన్లు చుట్టూ ఓపిగ్గా నిలబడటం మాత్రం బయటివాళ్లకు అర్థమవుతుందా? ఐనా 'ఆర్‌ఆర్‌ఆర్' 2022 అక్టోబరులో జపాన్‌లో విడుదలై నెలల తరబడి ఆడింది. అలాగని జపాన్‌లో ప్రతి ఒక్కరూ థియేటర్‌కి పరిగెత్తలేదు కదా. ఎంతమందికి నచ్చినా, నచ్చనివాళ్లూ ఉంటారు. రెండూ నిజమే.

మోగ్లీ ఎవరనుకున్నారు?

తమాషా ఏంటంటే, మన ఇళ్లల్లోకి అనిమే నిన్నా మొన్నా వచ్చింది కాదు. 1990ల్లో దూరదర్శన్‌లో గుల్జార్ పాటతో మొదలయ్యే మోగ్లీ గుర్తున్నాడా? ఆ 'జంగిల్ బుక్' 1989లో జపాన్‌లో తయారైందే! రామాయణాన్ని కూడా జపాన్, భారత్ కళాకారులు కలిసి అనిమేగా తీశారు. యుగో సాకో, రామ్ మోహన్ వంటివారు చేసిన ఆ సినిమా 2025 జనవరిలో తెలుగులోనూ థియేటర్లకు వచ్చింది.

మోగ్లీ మనకు పరాయివాడు అనిపించలేదు. కథ మన అడవిది. పైగా మనకప్పుడు అయిదారేళ్లు. ఆ వయసులో ఏ భాష వింటే అది వచ్చేస్తుంది. 2005 నుంచి టీవీలో డోరేమాన్‌ను చూస్తూ అన్నం తిన్న పిల్లలకు ఈ సైగలన్నీ అలాగే వచ్చేశాయి. ముప్ఫై దాటాక మనం నేర్చుకోబోతే మాత్రం ట్యూషన్‌కు వెళ్లినట్టే ఉంటుంది. కొందరికి వస్తుంది. కొందరికి రాదు.

ఊయల మీద పిల్లాడు

రాకపోతే నష్టమేం లేదు. నష్టమల్లా ఆ తర్వాత మనం అనే మాటలతోనే. 'ఈ వయసులో బొమ్మలేంటే' అని ఒక్కసారి నవ్వితే చాలు... పిల్లలు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని తలుపేసుకుంటారు. అలాగని నచ్చినట్టు నటించినా రెండు ప్రశ్నల్లో పట్టేస్తారు. అందుకే నేను మా పిల్లకు ఉన్నమాట చెప్పేశాను. "నాకు ఎక్కట్లేదమ్మా. నీకేం నచ్చిందో చెప్పు, వింటాను."

'నరుటో' మొదటి ఎపిసోడ్ గురించి చెప్పింది. నరుటోకు అమ్మానాన్నల్లేరు. ఊరంతా వాణ్ణి దూరం పెడుతుంది. పరీక్ష పాసైన పిల్లల్ని తల్లిదండ్రులు మురిసిపోతూ తీసుకెళుతుంటే, తప్పిన వీడు స్కూలు బయట ఊయల మీద ఒక్కడే కూర్చుని చూస్తుంటాడు. అక్కడిదాకా చెప్పి కాసేపు ఆగింది. "ఎనిమిదో క్లాసులో నేనూ అంతే పిన్నీ" అంది.

బావగారికి బదిలీ అయి వాళ్లు ఊరు మారిన ఏడాది అది. కొత్త స్కూల్లో లంచ్ బాక్స్ పట్టుకుని నెలల తరబడి ఒక్కతే తినేదట. ఆ సంగతి మా అక్కకు తెలీదు. బావకు తెలీదు. ఒంటరితనం ఎలా ఉంటుందో తనకన్నా ముందే తెలిసినవాడు ఒకడు దొరికాడు దానికి, జపాన్ నుంచి. వాడు బొమ్మయితేనేం?

ఆ ఎపిసోడ్‌ను నేను మళ్లీ చూశాను. నాకు ఇప్పటికీ ఎక్కలేదు. ఐతే ఇప్పుడు ఆదివారం వచ్చిందంటే రాత్రి భోజనాలయ్యాక ఫోన్ వస్తుంది. వారం కథ అది చెబుతుంది, నేను గిన్నెలు సర్దుకుంటూ వింటాను. 720 ఎపిసోడ్లలో ఇప్పటికి నలభై దాకా వచ్చాం. కథ మధ్యలో స్కూలు సంగతులూ, స్నేహితుల గొడవలూ వచ్చిపోతుంటాయి. ఈ లెక్కన పూర్తయ్యేసరికి దాని డిగ్రీ కూడా అయిపోతుందేమో.

అవనివ్వండి. తొందరేముంది!