వెయ్యి బాత్‌ల రోలు



పోయిన వారం హాస్టల్ మెస్సుల గురించి రాస్తూ, వంటింటి సంగతి ఇంకా ఉంది, తర్వాత రాస్తానన్నాను. ఆ బాకీ ఇది.

కిందటి దసరా సెలవుల్లో ఇద్దరు మిత్రులతో కలిసి థాయిలాండ్ వెళ్ళాను. చియాంగ్ మైలో ఒక పూట వంట క్లాసులో చేరాను. ఫీజు వెయ్యి బాత్‌ల పైచిలుకు, మన డబ్బుల్లో రెండున్నర వేలు దాటింది. ఫొటోలు చూసి కొందరు నవ్వారు, కొందరు "మాస్టారూ, ఇదేం షోకు?" అని అడిగారు. నిజమే, షోకుతోనే వెళ్ళాను. తిరిగొచ్చేటప్పుడు మాత్రం నెత్తి మీద ఒక ప్రశ్న మోసుకొచ్చాను.

ముందు బజారుకు తీసుకెళ్ళి సరుకులు చూపించారు. తర్వాత పదిమందినీ కూర్చోబెట్టి తలా ఒక రాతి రోలు ముందు పెట్టారు. పచ్చిమిరపకాయలు, నిమ్మగడ్డి, దుంపరాష్ట్రం, వెల్లుల్లి, ఉప్పు. చివర్లో చిటికెడు 'కపి'. కపి అంటే చిట్టిరొయ్యల్ని ఉప్పేసి నూరి, మాగబెట్టి, ఎండబెట్టిన ముద్ద. డబ్బా మూత తియ్యగానే వాసన గుప్పుమంది. నా పక్కనున్న జర్మనీ ఆయన ముక్కు మూసుకోలేదు. నోటుబుక్కు తీసి దాని పేరు రాసుకున్నాడు. నాకు మా ఇంటి వెనక చాప మీద ఎండే రొయ్యలు గుర్తొచ్చాయి.

తర్వాత 'నమ్ ప్లా' సీసా వచ్చింది. చేపల్ని ఉప్పులో ఏడాదో, అంతకన్నా ఎక్కువో ఊరబెట్టి దించిన రసం. ఏ చేప అని అడిగితే బొమ్మ చూపించారు. మన నెత్తళ్ళే! మైపాడులో, జువ్వలదిన్నెలో బుట్టల్లో అమ్మే చేప అక్కడ సీసాలోకెక్కి దేశదేశాలూ తిరుగుతోంది.

ఇంకో సంగతి. వంట నేర్పే ఆమెను అందరూ 'క్రూ' అని పిలుస్తున్నారు. క్రూ అంటే టీచరు. తెలుగు మాస్టర్ని కదా, మాట పుట్టుక వెతక్కుండా ఉండలేకపోయాను. మన 'గురు' శబ్దమే అక్కడ 'క్రూ' అయింది. రోట్లో కారం నూరడం నేర్పే ఆడమనిషి గురువు. ఆమె సంతకం పెట్టి నాకొక సర్టిఫికెట్ ఇచ్చింది.

దాన్ని తెచ్చి అమ్మకు చూపించాను. అమ్మ పడీపడీ నవ్వింది. "రోట్లో నూరేదానికి రెండున్నర వేలు కట్టొచ్చినావా? ఇంట్లో రోలుండాదిగదరా అబ్బయా, ఏనాడన్నా ఆ పక్కకొచ్చినావా?"

నా దగ్గర జవాబు లేదు. మాది సముద్రానికి నాలుగు మైళ్ళు ఇవతల మాలపల్లె. అమ్మ పొద్దున వరి నాట్లకు పోయింది. రొయ్యల గుంటలు వచ్చాక రొయ్యల తలకాయలు తీసే పనికి పోయింది. సాయంత్రం వచ్చి ఎండునెత్తళ్ళు వేయించి, చింతపండు, మామిడికాయ ముక్కలు వేసి పులుసు పెట్టి నన్ను చదివించింది. ఆమెను ఎవరూ గురువనలేదు. కూలి అన్నారు. నేను కూడా 'మా అమ్మ కూలి' అనే రాసుకున్నాను, అన్ని దరఖాస్తుల్లోనూ. ఆమెకు తెలిసిన విద్య ఏమిటని ఏ కాగితమూ అడగలేదు, నేనూ అడగలేదు.

మన కులపు మగవాళ్ళం ఊరి పెత్తనం గురించి బాగానే మాట్లాడతాం. ఇంట్లో రోలు పక్కకు పోకపోవడం గురించి తక్కువ మాట్లాడతాం. అందుకే ముందు నా తప్పు చెప్పుకున్నాను. ఇక ఊరి తప్పు చెబుతాను.

రెండేళ్ళ కింద మా కాలేజీలో చదివే అమ్మాయి ఒకామె నెల్లూరులో గది అద్దెకు తీసుకుంది. వాళ్ళమ్మ ఊరి నుంచి ఎండుచేపలు కట్టి పంపింది. మూట విప్పిన రాత్రే ఇంటి ఓనరు వచ్చి "ఈ వాసన మాకు పడదు" అని నెలాఖరుకు ఖాళీ చెయ్యమన్నాడు. మరుసటి వారం ఆయనే "మీరే కులం, ముందే చెప్పుండాల్సింది" అన్నాడట. వాసన వంక, కులం అసలు మాట. ఆ అమ్మాయి పరీక్షల ముందు ఇరవై రోజులు గది కోసం తిరిగింది. అదే ఊరి పేరుతో హైదరాబాదులో, బెంగుళూరులో 'నెల్లూరు చేపల పులుసు' బోర్డులు వెలుగుతుంటాయి. బోర్డు మీద ఊరి పేరు ఉంటుంది, కొన్నిచోట్ల ఓనరు కులం పేరు కూడా ఉంటుంది. మాల మెస్, మాదిగ మెస్ అని బోర్డు మీరెక్కడైనా చూశారా? వండే చేతులు అక్కడ లేక కాదు. ఆ చేతుల పేరు రాస్తే గిరాకీ రాదని ఓనరుకు తెలుసు.

కాబట్టి వాసన ముక్కుకు సంబంధించింది కాదు, అధికారానికి సంబంధించింది. థాయిలాండే దీనికి సాక్ష్యం. ఈరోజు ప్రపంచమంతా తినే 'పాడ్ థాయ్' దేశ వంటకంగా పేరు తెచ్చుకుంది 1930ల చివర, 1940లలో, ఫిబున్ సోంగ్‌క్రామ్ ప్రభుత్వం పనిగట్టుకుని ప్రచారం చేశాక. విదేశాల్లో థాయ్ హోటళ్ళు పెంచడానికి 2002లో వాళ్ళ ప్రభుత్వం 'గ్లోబల్ థాయ్' అనే కార్యక్రమం పెట్టింది. 2024లో వాళ్ళ రొయ్యల పులుసు 'తోమ్ యమ్ కుంగ్' యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాకెక్కింది. ఎవరో తలచుకుని గౌరవం ఇచ్చారు, గౌరవం వచ్చింది.

థాయిలాండ్ స్వర్గమని చెప్పడం లేదు. ఈశాన్యంలో ఈసాన్ ప్రాంతపు పేదలు తినే 'ప్లా రా' అనే ఊరవేసిన చేపను బ్యాంకాక్ పెద్దమనుషులు చాలాకాలం కంపుగానే చూశారు. ఒకే దేశంలో సముద్రపు చేప రసం నాగరికం, పల్లె చేప ఊరగాయ మోటు. రొయ్యల పరిశ్రమ సంగతి ఇంకా ఘోరం. మయన్మార్ వలస కూలీలను బంధించి పని చేయించారని 2014, 2015లలో పత్రికలు బయటపెట్టాయి. ఆ కథనాలకు అసోసియేటెడ్ ప్రెస్‌కు 2016లో పులిట్జర్ బహుమతి వచ్చింది. వంట క్లాసులో గురువు, రొయ్యల షెడ్డులో బానిస. రెండూ ఒకే దేశంలో, ఒకే రొయ్య చుట్టూ. ఇది మన నెల్లూరు తీరానికి తెలియని కథ కాదు. ఇక్కడి గుంటల మీద దళితులు, యానాదులు కాపలా కాస్తారు, షెడ్డుల్లో మన ఆడవాళ్ళు రొయ్యలు వలుస్తారు, లాభం మాత్రం గుంట గట్టు దిగి మన వీధికి రాదు.

'అందరం కలిసి తింటే కులం పోతుంది' అనేవాళ్ళకు బాబాసాహెబ్ 1936లోనే, కులనిర్మూలనలో జవాబు చెప్పారు. సహపంక్తి భోజనాలు చాలవన్నారు. కలిసి తినే కులాల మధ్య కూడా కులం బతికే ఉందని చూపించారు. ఆ మాటకు నా చిన్న చేర్పు ఒకటి. మన పులుసు తినడానికి అందరూ వస్తారు. మన దగ్గర నేర్చుకోవడానికి ఎవరు వస్తారు? తినేటప్పుడు వండిన మనిషి తెర వెనక ఉంటుంది. నేర్చుకోవాలంటే ఆమె ఎదుట కూర్చోవాలి, ఆమెను పేరు పెట్టి 'గారు' అనాలి, ఫీజు ఆమె చేతిలో పెట్టాలి. కులం భయపడేది అక్కడ.

నమ్మకం లేకపోతే బడి వంటగది చూడండి. మధ్యాహ్న భోజనం వండేవాళ్ళ నియామకంలో దళితులకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్‌లో ఆదేశించింది. పదిహేడేళ్ళు గడిచాక, 2021 డిసెంబరులో ఉత్తరాఖండ్ చంపావత్ జిల్లాలో దళిత మహిళ వండిన అన్నం అగ్రకుల పిల్లలు తినమన్నారు. పిల్లలకు నచ్చజెప్పాల్సినవాళ్ళు ఆమెను పనిలోంచి తీసేశారు. మన జిల్లాలో అలాంటిది లేదని గుండెల మీద చెయ్యి వేసుకుని చెప్పే ముందు, మీ ఊరి బడిలో వండేది ఎవరో, వడ్డించేది ఎవరో ఒకసారి వెళ్ళి చూడండి.

ఇక మన సాహిత్యం. నేను పీహెచ్‌డీలో దళిత కథలు, కవితలు వందల కొద్దీ చదివాను. ఆకలి మీద ఒక అధ్యాయం రాశాను. ఆకలి రాయాల్సిందే. జాషువా 1941లో 'గబ్బిలం' రాసినప్పుడు అది రాయకుండా మరేం రాయగలడు? కానీ నా సిద్ధాంత గ్రంథంలో రుచి మీద ఒక్క పేజీ లేదు. మనకు ఆకలే తప్ప రుచి లేదని వాళ్ళనుకున్నారు. నేనూ అలాగే చదివాను. మరాఠ్వాడా మాంగ్, మహార్ వంటిళ్ళ మీద షాహు పటోలే 2015లో మరాఠీలో పుస్తకం రాస్తే, వంటల పుస్తకంలో చరిత్ర ఇంత ఉంటుందా అని ఆశ్చర్యపోయాను. లేని నెయ్యి, లేని నూనె, విసిరేసిన ముక్క, వీటితో రుచి పుట్టించడం విద్య కాకపోతే మరేది విద్య?

అందుకే ఇప్పుడు అడుగుతున్నాను. బీచ్ ఫెస్టివల్ అంటారు, ఫుడ్ ఫెస్టివల్ అంటారు, తీరంలో టూరిజం అంటారు. రేపు మైపాడులో 'నెల్లూరు వంట క్లాసు' బోర్డు కడితే టీచరు ఎవరు? పట్టపుపాళెం ఆడవాళ్ళా, మాలపల్లె, మాదిగపల్లె ఆడవాళ్ళా, యానాది ఆడవాళ్ళా? లేక వాళ్ళ దగ్గర నేర్చుకుని టోపీ పెట్టుకున్న షెఫ్ గారా? స్టాలు పాటలు మనకిచ్చి, స్టేజీ వాళ్ళు తీసుకుంటే ఒప్పుకోవద్దు. టీచరు కుర్చీ అడగండి, ఫీజులో వాటా కాదు, ఫీజే అడగండి.

విద్యార్థులకు ఒక పని. ఈ సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు ఒక్క వంట రాసుకురండి. కొలతలు, మంట, కుండ, ఏ నెలలో ఏ చేప, అన్నీ రాయండి. పైన నేర్పినవాళ్ళ పేరు రాయండి, పక్కన 'గురువు' అని రాయండి. మగపిల్లలు రాయడమే కాదు, వండి కూడా చూపించాలి.

నేను మొదలుపెట్టాను. పోయిన ఆదివారం అమ్మ దగ్గర కూర్చున్నాను. "ఉప్పు ఎంత?" అని అడిగితే "చేతికి తెలుసు" అంది. "నా చేతికి తెలీదు గదమ్మా" అన్నాను. చాలాసేపు నన్నే చూసింది. తర్వాత పిడికిలి విప్పి, ఉప్పును నెమ్మదిగా స్పూనులోకి వంచింది. రెండు స్పూన్లు, ఇంకొంచెం. రాసుకున్నాను.

జై భీమ్.