ఆవలించిన కాయే వంటకు



కాయ ఆవలించటం మీరెక్కడైనా విన్నారా? జమైకాలో వింటారు. అక్కడ ఆకీ అనే చెట్టు ఉన్నది. దాని కాయ పండి, తనంత తానే పగిలి నోరు తెరిస్తే ‘ఆవలించింది’ అంటారు. అట్లా ఆవలించిన కాయనే కోయాలి. మూసుకుని ఉన్న కాయను బలవంతాన తెరిచి వండితే ప్రాణం మీదికి వస్తుంది. ఈ సంగతి అక్కడి పిల్లలకు బడిలో పంతులు చెప్పేలోపలే ఇంట్లో అమ్మమ్మ చెప్పేస్తుంది. ముప్పై ఏడేళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి నేను. అయినా ఈ పాఠం వరకు అమ్మమ్మకే నా ఓటు.

ముందు అట్లాసు తెరవండి. ఉత్తర, దక్షిణ అమెరికాల నడుమ కరిబియన్ సముద్రం కనపడుతుంది. అందులో క్యూబాకు దక్షిణాన ఉన్న చిన్న దీవి జమైకా. తూర్పు నుంచి పడమటికి సుమారు 235 కిలోమీటర్లు. రాజధాని కింగ్‌స్టన్. మనలాగే వాళ్ళూ ఇంగ్లీషువారి ఏలుబడిలో ఉండి, 1962 ఆగస్టు 6న స్వతంత్రులైనారు.

ఇక ఆకీ సంగతి. కాయ ఎర్రగా, జామకాయంత ఉంటుంది. పండినప్పుడు మూడు చెక్కలుగా విచ్చుకుంటుంది. లోపల నల్లగా నిగనిగలాడే మూడు గింజలు, ఒక్కొక్క గింజకు అంటుకుని మీగడ రంగు గుజ్జు. తినేది ఆ గుజ్జు ఒక్కటే. గింజలు తీసి పారవేయాలి. గుజ్జు మడతలో ఎర్రని పొర ఉంటుంది, దాన్నీ లాగివేయాలి. తరువాత నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు పారబోయాలి. వండిన ఆకీ అచ్చంగా కోడిగుడ్డు పొరటులాగా ఉంటుంది.

ఇంత తంతు ఎందుకు? పచ్చి ఆకీలో హైపోగ్లైసిన్ అనే విషం ఉన్నది. అది ఏం చేస్తుందో చెబుతాను, జాగ్రత్తగా వినండి. మనం తిన్న అన్నంలోని చక్కెరలో కొంత కాలేయంలో దాచబడుతుంది. రాత్రి ఏమీ తినకపోతే ఆ నిలువ తరిగిపోతుంది. అప్పుడు శరీరం తన కొవ్వును ఖర్చుపెట్టి శక్తి తెచ్చుకుంటుంది, కొత్తగా కొంత చక్కెర కూడా తయారుచేసుకుంటుంది. ఈ విషం ఆ రెండు పనులనూ అడ్డుకుంటుంది. రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. వాంతులు, మూర్ఛ, ఒక్కొక్కప్పుడు మరణం. జమైకాలో దీన్ని ‘వాంతుల జబ్బు’ అనేవారు. కాయ పండేకొద్దీ గుజ్జులో విషం బాగా తగ్గిపోతుంది, గింజలో మాత్రం ఉండిపోతుంది. మిగిలిన కాస్తా ఉడికించిన నీళ్ళతో పోతుంది. రసాయన శాస్త్రజ్ఞులు ఈ విషాన్ని విడదీసి పేరు పెట్టింది 1950లలో. అమ్మమ్మలు అంతకు ఎంతో ముందునుంచే గింజ, పొర, నీళ్ళు పారవేస్తూ ఉన్నారు.

ఇది దూరదేశపు ముచ్చట అనుకోకండి. ఆకీ మన కుంకుడు చెట్టు కుటుంబానికి చెందినది. లిచీ కూడా ఆ కుటుంబమే. బీహారులోని ముజఫర్‌పూర్ ప్రాంతంలో లిచీలు పండే రోజుల్లో పసిపిల్లలకు తెల్లవారుజామున మూర్ఛలు వచ్చేవి, చాలామంది చనిపోయారు. 2014లో శాస్త్రజ్ఞులు పరీక్షించి, 2017లో ఫలితం ప్రకటించారు. లిచీలో ఉన్న హైపోగ్లైసిన్, దానివంటి మరొక విషం ఇందుకు కారణాలని తేలింది. రాత్రి భోజనం చేయకుండా పడుకున్న పిల్లలకే ముప్పు ఎక్కువ. అమ్మలూ, నాన్నలూ! ఈ ముక్క మీకోసం కూడా రాశాను. నాలుగు పండ్లు తిన్నాడు గదా, అన్నం వద్దులే అని పిల్లవాణ్ణి పడుకోబెట్టవద్దు.

ఆకీ పుట్టిల్లు జమైకా కాదు, పశ్చిమ ఆఫ్రికా. పద్ధెనిమిదో శతాబ్దంలో బానిసల ఓడలమీద ఈ దీవికి వచ్చింది. ఆ ఓడల్లో వచ్చినవారి కష్టం ఇక్కడ రాస్తే పేజీ చాలదు. చెరకు తోటల దొరలు వాళ్ళకు తిండిగా ఉప్పుచేప పడేసేవారు. ఉత్తర అట్లాంటిక్ చలి సముద్రాల్లో పట్టిన కాడ్ చేపను ఉప్పుపెట్టి ఎండబెట్టి పంపేవారు, చవకగనుక. తమ ఊరి చెట్టు కాయ, దొర పడేసిన ఎండుచేప – ఈ రెండింటినీ కలిపి ఆ తల్లులు వండిన కూరే నేడు జమైకా జాతీయ వంటకం! చేపను రాత్రంతా నీళ్ళలో నానబెట్టి ఉప్పు దింపుతారు. ఉల్లి, టొమాటో, మిరప, థైమ్ అనే సువాసన ఆకు వేసి వేయించి, చివరన ఆకీ వేస్తారు. గరిటెతో గట్టిగా తిప్పారా, ముద్దయిపోతుంది. ‘ఎంతసేపు తిప్పాలి?’ అని అడిగితే జవాబుండదు. పక్కన నిలబడి చూడవలసిందే.

బానిసత్వం పూర్తిగా పోయింది 1838 ఆగస్టు 1న. లేమి మాత్రం పోలేదు. లిన్‌స్టెడ్ అనే ఊరి సంతకు ఆకీ కాయలు మోసుకుపోయి, అమ్ముడుపోక, ఇంట్లో ఆకలిగా ఉన్న పిల్లలను తలుచుకునే తల్లిమీద ఒక జానపదగీతం ఉన్నది. జమైకాలో దాన్ని ఇప్పటికీ పాడుకుంటారు.

తరువాత ఎందరో తల్లిదండ్రులు పనికోసం లండన్‌కూ, న్యూయార్క్‌కూ వెళ్ళారు. పిల్లలు అమ్మమ్మల దగ్గర పెరిగారు. అందుచేత వంట తల్లిని దాటి అమ్మమ్మ చేతినుంచి మనమరాలికి వచ్చిన ఇళ్ళు ఎన్నో. ‘డచ్చి’ అనే మందపాటి పోత అల్యూమినియం గిన్నె కూడా అట్లాగే చేతులు మారుతుంది. పరదేశంలో ఆకీ డబ్బాల్లో దొరుకుతుంది. అమెరికావారు విషభయంతో 1973 నుంచి 2000 దాకా ఆ డబ్బాలనే రానివ్వలేదు. డబ్బా మంచిదే, ఆకలి తీరుస్తుంది. కాని డబ్బా కోసి వండే పిల్లకు చెట్టుమీది కాయ ఎప్పుడు ఆవలించిందో ఎట్లా తెలుస్తుంది?

చేతితో నేర్చుకోవలసినది అక్కడ మరొకటి ఉన్నది: ‘బామీ’ అనే కర్రపెండలపు రొట్టె. చేదు కర్రపెండలంలోనూ విషమున్నది. దాన్ని కోరి, రసం గట్టిగా పిండి, ఆ తరువాతే కాలుస్తారు. ఇది ఆ దీవి ఆదివాసులైన టైనోల విద్య. ఆదివారం వంట ‘రైస్ అండ్ పీస్’. పేరులో బఠాణీ ఉన్నా గిన్నెలో వేసేది రాజ్మా గింజలు! కొబ్బరిపాలలో అన్నంతోపాటు ఉడికిస్తూ, పైన ఒక మిరపకాయను చిట్లకుండా పెడతారు. అది చిట్లిందంటే ఆ పూట ఇంటిల్లిపాదికీ కన్నీళ్ళే.

1845 మే 10న బ్లండెల్ అనే ఓడ కలకత్తా నుంచి భారతీయ కూలీలను జమైకాలో దింపింది. 1917 దాకా సుమారు 36,000 మంది అట్లా వెళ్ళారు. వాళ్ళ మసాలాతో వండిన మేకకూర లేకుండా ఇప్పుడు జమైకాలో పెండ్లి జరగటం అరుదు.

మన పెరటి మొక్కలు కూడా అక్కడ వేరే పేర్లతో ఉన్నాయి. వారి ‘కాలలూ’ తోటకూర జాతిది. వారి ‘గుంగో’ మన కందులే. క్రిస్మస్ నాటి అన్నంలో వేస్తారు. అదే పండుగకు తాగే ఎర్రని ‘సారెల్’ పానీయం ఏమిటో చెప్పండి చూద్దాం? గోంగూర! మనం ఆకు తింటాం, వాళ్ళు పువ్వు రాలిన తరువాత కాయచుట్టూ మిగిలే కండగల ఎర్రని రేకులను వాడతారు. మీ పెరట్లో ఎర్ర గోంగూర కాయలు కాసినప్పుడు ఆ రేకులు వలిచి దోసెడు తీసుకోండి. చితక్కొట్టిన అల్లం ముక్క వేయండి. మరిగే నీళ్ళు మాత్రం అమ్మచేతనే పోయించండి. మూతపెట్టి రాత్రంతా ఉంచి, ఉదయం వడగట్టి చక్కెర కలపండి. గాజు గ్లాసులో పోసి వెలుతురుకు ఎత్తి చూడండి, రంగు ఎట్లా ఉంటుందో!